ఉతుకుల కథ – 4: నూనె లేని సబ్బు

కలకత్తా రేవులో 1888లో దిగిన సన్‌లైట్ సబ్బు పెట్టెల దగ్గర గత సంచికలో ఆగాం. వాటి వెనకే 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. 1917లో టాటాలు కొచ్చిలో నూనె మిల్లు కంపెనీ పెట్టి, కేరళ కొబ్బరిని నమ్ముకుని సబ్బుల వ్యాపారంలోకి దిగారు. వాళ్ల 501 బారు సబ్బును కిరాణా కొట్లలో ముక్కలుగా కోసి అమ్మిన రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. కంపెనీ తెల్లవాళ్లదైనా మనవాళ్లదైనా, వ్యాపారం నడిచింది మాత్రం ఒకే సరుకు మీద. అది నూనె.

సబ్బు లెక్క చాలా సులువు. కొబ్బరినూనో, ఇప్పనూనో, పశువుల కొవ్వో తెచ్చి కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సబ్బు తయారవుతుంది, పక్కన గ్లిజరిన్ మిగులుతుంది. మంచి బట్టల సబ్బు బిళ్లలో సగానికి పైగా ఉండేది కొవ్వు నుంచి వచ్చిన సరుకే. అంటే పోపులో వెయ్యాల్సిన నూనె, దీపంలో పొయ్యాల్సిన నూనె రేవుకు పోతుందన్నమాట. వంటింట్లో నూనె బొట్లు లెక్కపెట్టుకునే కుటుంబాలున్న దేశంలో ఇది చిన్న సంగతి కాదు. చవుడు, బూడిద, కుంకుడుకాయలతో మన ఊళ్లు వందల ఏళ్లు ఎందుకు సరిపెట్టుకున్నాయో కూడా ఇందులోంచే అర్థమవుతుంది. అవి నూనె అడగవు.

ఇవాళ మనం బకెట్లో వేసుకునే మామూలు ఉతుకు పొడిలో మురికి వదిలించే సరుకు నూనెగింజల నుంచి రావడం లేదు. గానుగకూ చాకిరేవుకూ ఉన్న ఆ ముడి తెగడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. తెంచింది శుభ్రత మీద మోజు కాదు. రెండు ప్రపంచ యుద్ధాలు, సబ్బుకు లొంగని నీళ్లు, అహ్మదాబాద్‌లో జీతం చాలని ఒక ప్రభుత్వోద్యోగి కలిసి తెంచారు. ఈ సంచిక ఆ కథే.

పొడి ముందు, డిటర్జెంట్ తర్వాత

పొడి రూపం, డిటర్జెంట్ రసాయనం రెండూ ఒకేసారి పుట్టాయనుకోవడం పొరపాటు. పొడి ముందు వచ్చింది, అదీ సబ్బు పొడిగానే.

జర్మనీలో ఫ్రిట్జ్ హెంకెల్ 1876లో చిన్న కంపెనీ పెట్టి, రెండేళ్లకు డ్యూసెల్డార్ఫ్‌కు మకాం మార్చాడు. సోడా, సిలికేట్ కలిపిన తెలుపు పొడి అమ్ముతూ పేరు తెచ్చుకున్నాడు. 1907లో ఆ కంపెనీ ‘పెర్సిల్’ను బజారులోకి తెచ్చింది. సబ్బుపొడికీ సోడాకూ తోడుగా పెర్బొరేట్, సిలికేట్ అనే రెండు లవణాలు అందులో పడ్డాయి. పేరు కూడా ఆ రెండింటి ముక్కలు అతికించి పెట్టిందే. పెర్బొరేట్ నీళ్లలో మరిగేటప్పుడు ఆక్సిజన్‌ను వదులుతుంది, ఆ ఆక్సిజన్ మరకల రంగు విరుస్తుంది.

అప్పటిదాకా యూరప్‌లో తెల్లబట్టలు తెల్లగా రావాలంటే ఉతికి, పచ్చిక మీద పరచి, నీళ్లు చిలకరిస్తూ ఎండకు వదిలెయ్యాలి. మన ఏటి ఒడ్డున ఇసుక మీదా గడ్డి మీదా చీరలు పరిచేది కూడా ఆరడానికి మాత్రమే కాదు, ఎండకు తెలుపెక్కడానికి. పెర్సిల్ ఎండ చేసే ఆ పనిని కాగులోకి తెచ్చింది. ఉడకబెడితే చాలు, రుద్దక్కర్లేదు, బాదక్కర్లేదు అన్నది దాని ప్రచారం. అయితే ఎంత కొత్తదైనా అందులో అసలు పని చేసేది సబ్బే. సబ్బు ఉందంటే కొవ్వు కావాలి. ఏడేళ్లలో ఆ కొవ్వుకే కరువొచ్చింది.

ఫిరంగికీ కొవ్వే, రొట్టెకూ కొవ్వే

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ నౌకాదళం జర్మనీకి సముద్ర మార్గాలు మూసేసింది. జర్మనీ సబ్బు కార్ఖానాలు వాడుకునే నూనెల్లో, కొవ్వుల్లో చాలాభాగం దిగుమతే. ఇంకో చిక్కు కూడా ఉంది. కొవ్వు నుంచి వచ్చే గ్లిజరిన్‌తోనే నైట్రోగ్లిజరిన్ తయారవుతుంది, అది పేలుడు మందుకు కావాలి. దాంతో ఉన్న కాస్త కొవ్వు కోసం రొట్టె మీద రాసుకునే జనం, ఫిరంగులు నింపే సైన్యం, బట్టలుతికే ఆడవాళ్లు పోటీ పడాల్సి వచ్చింది. ఆ వరసలో బట్టలు ఎక్కడుంటాయో చెప్పనక్కర్లేదు. జర్మనీలో సబ్బుకు రేషన్ పెట్టారు. మట్టి కలిపిన నాసిరకం బిళ్లలు జనం చేతికొచ్చాయి.

అప్పుడు బీఏఎస్‌ఎఫ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ గుంథర్ తారు వైపు చూశాడు. బొగ్గు నుంచి కోక్ తీసేటప్పుడు మిగిలే తారులో నాఫ్తలీన్ దొరుకుతుంది. మనం బీరువాలో బట్టల మధ్య వేసుకునే కలరా ఉండల సరుకు అదే. దానికి ఆల్కహాల్ తగిలించి, గంధకామ్లంతో చర్య జరిపితే నీళ్లలో కరిగి నురగనిచ్చే పదార్థం వచ్చింది. ‘నెకాల్’ అన్న పేరుతో అది బయటికి వచ్చింది. సబ్బంత బాగా మురికి వదిలించదు గానీ, గుడ్డను ఇట్టే తడుపుతుంది. అందుకే యుద్ధం తర్వాత ఇళ్లలోంచి మాయమైనా, నేత మిల్లుల్లో, అద్దకాల దగ్గర నిలిచిపోయింది. కొవ్వు లేకుండా సబ్బు పని చేయించవచ్చని మొదటిసారి రుజువైంది మాత్రం దానితోనే.

పనితీరు ఒకసారి చెప్పుకుంటే తర్వాతి కథ తేలిక. సబ్బు అణువుకు ఒక కొన నూనెను పట్టుకుంటుంది, రెండో కొన నీటిని పట్టుకుంటుంది. బట్టకు అంటుకున్న జిడ్డులోకి మొదటి కొనలు గుచ్చుకుంటాయి, రెండో కొనలు బయట నీళ్లలో ఉంటాయి. బట్టను కదిలిస్తే జిడ్డు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీళ్లతో కొట్టుకుపోతుంది. నూనె కొన కొబ్బరి నుంచి రావాలన్న నియమం ఏమీ లేదు. బొగ్గు నుంచి వచ్చినా, రాతినూనె నుంచి వచ్చినా జిడ్డుకు తేడా తెలియదు.

సబ్బుకు ఇంకో బలహీనత ఉంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీళ్లలో అది విరిగిపోయి తెల్లటి తెట్టుగా మారుతుంది. సగం సబ్బు అలా ఖర్చయ్యాకగానీ నురగ రాదు. ఆ తెట్టు బట్టకు పట్టుకుని తెలుపు కాస్తా బూడిద రంగుకు తిరుగుతుంది. నల్గొండ, అనంతపురం, ప్రకాశం వైపు బోరు నీళ్లతో బట్టలుతికిన వాళ్లకు ఈ బాధ వివరించక్కర్లేదు. చెరువు నీళ్లయితే ఒక్క బిళ్ల సరిపోయే చోట ఉప్పు నీళ్లకు రెండు అరగదీయాలి. గుంథర్ పద్ధతిలో తయారైన పదార్థాలకు ఈ జబ్బు లేదు. ఉప్పు నీళ్లలోనూ అవి విరగవు.

1920ల చివర్లో కెమ్నిట్జ్‌లోని బోమె కంపెనీలో హైన్రిష్ బెర్ష్ మరో మెట్టెక్కాడు. కొవ్వును ఆల్కహాల్‌గా మార్చి, దాన్ని గంధకామ్లంతో కలిపి మెత్తని శుద్ధి పదార్థం చేశాడు. అది 1932లో ‘ఫేవా’గా ఇళ్లకు చేరింది. పట్టు, ఉన్ని బట్టలకు బాగుండేది. మట్టి కొట్టుకున్న పనిబట్టలకు ఏమాత్రం పనికొచ్చేది కాదు.

సిన్సినాటిలో పట్టువదలని మనిషి

1931లో అమెరికా సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తరఫున రాబర్ట్ డంకన్ యూరప్ పర్యటనకు వెళ్లాడు. జర్మన్ లాబొరేటరీల్లో ఉప్పు నీళ్లకు విరగని ఈ కొత్త సరుకు చూసి, నమూనాలు సిన్సినాటికి పంపించాడు. అమెరికా నడిమి రాష్ట్రాల్లో బావుల నీళ్లు మన బోరు నీళ్లలాంటివే. అక్కడి ఇల్లాళ్ల కష్టం కంపెనీకి బాగా తెలుసు. 1933లో ‘డ్రెఫ్ట్’ వచ్చింది. దానిదీ ఫేవా దారే. చంటిపిల్లల బట్టలకు సరే, రైతు ప్యాంటుకు చాలదు.

ఆ కంపెనీలో డిక్ బయర్లీ అనే పరిశోధకుడు ఈ చిక్కు విప్పే పని నెత్తికెత్తుకున్నాడు. శుద్ధి పదార్థానికి తోడుగా నీళ్లలోని కాల్షియాన్ని కట్టిపడేసే మరో రసాయనం కలపాలన్నది ఆలోచన. ఏది కలిపినా బట్ట గరుకెక్కేది. ఏళ్లు గడిచినా ఫలితం రాకపోవడంతో పైవాళ్లకు ఆసక్తి పోయింది. అయినా అతను వదల్లేదు. చివరికి సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ చేతికొచ్చింది. శుద్ధి పదార్థం ఎక్కువ, తోడు తక్కువ అన్న అలవాటును తిరగేసి, ఫాస్ఫేటే ఎక్కువ వేసి చూశాడు. బట్ట గరుకెక్కలేదు, మురికి వదిలింది. ఈలోపు రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ముడిసరుకులు, యంత్రాలు దొరక్క పని ఆగింది. 1946లో ‘టైడ్’ బజారుకెక్కింది.

తయారీ పద్ధతి కూడా చెప్పుకోదగ్గదే. అన్నీ కలిపిన చిక్కటి ముద్దను ఎత్తైన గోపురం పైకి తోడి, సన్నని రంధ్రాల్లోంచి చిమ్ముతారు. కింది నుంచి వేడిగాలి ఎగదన్నుతుంది. ముద్ద కిందికి రాలేలోగా ఆరిపోయి, లోపల బోలుగా ఉండే గుళికలవుతుంది. నీళ్లలో వెయ్యగానే కరిగేది అందుకే. ఆ గోపురం కట్టాలంటే కోట్లు కావాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, అహ్మదాబాద్ వెళ్లాక అవసరపడుతుంది.

అటు జర్మనీలో యుద్ధం మళ్లీ అదే పాఠం చెప్పింది. 1939లో పెర్సిల్ అమ్మకం ఆగిపోయి, అందరికీ ఒకే రకం రేషన్ పొడి వచ్చింది. విట్టెన్ పట్టణంలో బొగ్గు నుంచి కొవ్వు ఆమ్లాలు చేసి సబ్బు తీసే కార్ఖానా కూడా నడిచింది. అసలు పెర్సిల్ తిరిగి అంగళ్లలో కనిపించింది 1950లోనే. అమెరికాలోనేమో 1953 నాటికే డిటర్జెంట్ల అమ్మకం సబ్బును దాటేసింది.

సర్ఫ్ వచ్చింది, మధ్యతరగతి దగ్గర ఆగింది

మన దేశంలో హిందుస్థాన్ లీవర్ 1959లో సర్ఫ్ తెచ్చింది. బొంబాయి స్వస్తిక్ ఆయిల్ మిల్స్ వాళ్ల ‘డెట్’ కూడా ఆ తొలినాళ్ల పొడే. బిళ్లను బట్టకు రుద్దడం తప్ప తెలియని ఇళ్లకు, బకెట్టు నీళ్లలో పొడి కలిపి బట్టలు నానబెట్టాలని నేర్పించడమే కంపెనీకి పెద్ద పని అయింది. నేర్చుకున్నవాళ్లకు సుఖం తెలిసింది, కానీ ధర అందుబాటులో లేదు. ఉద్యోగుల ఇళ్లలో ఇస్త్రీ చొక్కాలకు సర్ఫ్, మిగతావాటికి బారు సబ్బు అన్న విభజన చాలాకాలం నడిచింది.

పల్లెల్లో ఉతుకు చాలామటుకు రజకుల చేతిలోనే ఉండేది. చవుడు నీళ్లలో బట్టలు ముంచి, బానలో ఆవిరి పట్టి, రేవులో బండకేసి బాదితే వచ్చే తెలుపు వాళ్ల నైపుణ్యం. ఏడాదికోసారి కళ్లంలో కొలిచే ధాన్యం దానికి ప్రతిఫలం. పట్నాల్లో చాకలి సోడా, సబ్బు, నీలిమందు, గంజి వరసగా పనిచేసేవి.

ఈలోగా నూనె సమస్య ముదిరింది. జనాభా పెరిగినంతగా నూనెగింజల పంట పెరగలేదు. తినే నూనెలను సబ్బుల్లో పొయ్యవద్దన్నది ప్రభుత్వ ధోరణి. ఖాదీ గ్రామీణ పరిశ్రమల సంస్థ వేప, కానుగ, ఇప్ప లాంటి తినని నూనెలతో సబ్బు చెయ్యమని ప్రోత్సహించింది. పెద్ద కంపెనీలు తవుడు నూనె వైపూ ఆముదం వైపూ మళ్లాయి. విదేశీ పశువుల కొవ్వు మీద కూడా ఆధారపడ్డాయి. ఆ కొవ్వు వనస్పతిలో కలుస్తోందని 1983లో దేశమంతా దుమారం రేగి, దిగుమతిపై నిషేధం పడటంతో ఆ దారీ మూసుకుంది. సబ్బు బతకాలంటే పెరట్లో కొబ్బరి చెట్టో, ఓడలో కొవ్వు పీపాయో ఉండాలి. డిటర్జెంట్‌కు ఆ రెండూ అక్కర్లేదు.

సైకిల్ మీద పసుపుపచ్చ పొడి

కర్సన్‌భాయ్ పటేల్ మెహసాణా జిల్లా రూప్పూర్‌లో రైతు కుటుంబంలో 1945లో పుట్టాడు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, మిల్లు లాబొరేటరీలో కొంతకాలం పనిచేసి, తర్వాత గుజరాత్ ప్రభుత్వ భూగర్భ గనుల శాఖలో చేరాడు. 1969లో ఇంటి పెరట్లో పొడి కలపడం మొదలుపెట్టాడు. కూతురు నిరుపమ పేరు మీద దానికి ‘నిర్మా’ అని పెట్టాడు. ఆఫీసుకు వెళ్తూ వస్తూ సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడు. సర్ఫ్ కిలో 13 రూపాయల దరిదాపుల్లో ఉన్న కాలంలో నిర్మా మూడు, మూడున్నరకే దొరికేది.

అంత చవగ్గా ఎలా కుదిరింది? మొదటి జవాబు గోపురం లేకపోవడం. నిర్మాది పొడి కలుపుడు పద్ధతి. నేల మీద సోడా యాష్ పరచి, వ్యాపారులు ‘యాసిడ్ స్లర్రీ’ అనే చిక్కటి ద్రవం పోసి, చేతులతో కలిపి, ఆరాక జల్లించి సంచుల్లో నింపడమే. సోడాతో కలిసి ఆమ్లం విరుగుతుంది, శుద్ధి పదార్థం తయారవుతుంది. కరెంటు యంత్రాలు వాడరు కాబట్టి ఎక్సైజు సుంకంలోనూ మినహాయింపు. రెండో జవాబు పొడిలో ఏముందన్నది. ఖరీదైన ఫాస్ఫేట్ లేదు. సోడానే బాగా ఎక్కువ. అందుకే చేతులు మండేవి, రంగు బట్టలు త్వరగా వెలిసేవి. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియక కాదు. బారు సబ్బు అరగదీసే చెయ్యి ఎలాగూ నొస్తుంది. సర్ఫ్ కొనే స్థోమత లేనింటికి ఇన్నాళ్లకు పొడి అందింది, అంతే.

ఆ యాసిడ్ స్లర్రీ పుట్టుక కిరసనాయిల్లో ఉంది. కిరసనాయిల్లోంచి పొడుగాటి తిన్నని కర్బన గొలుసులు వేరుచేసి, వాటికి బెంజీన్ తగిలిస్తే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ వస్తుంది. దాన్ని గంధకామ్లంతో చర్య జరిపితే స్లర్రీ. దీపం వెలిగించిన కిరసనాయిలే బట్టల మురికి వదిలించడానికి వచ్చిందన్నమాట. గుంథర్ తారులో మొదలుపెట్టిన దారి అహ్మదాబాద్ పెరడు దాకా ఇలా వచ్చింది.

తెల్ల గౌను పాప తిరిగే నిర్మా ప్రకటన 1980ల్లో దూరదర్శన్ ఉన్న ప్రతి ఇంటికీ చేరింది. ఆ దశాబ్దం నడిమికల్లా అమ్మకాల బరువులో నిర్మా సర్ఫ్‌ను దాటింది. హిందుస్థాన్ లీవర్ మొదట లలితాజీని బరిలోకి దించింది. అలిక్ పదమ్సీ రూపొందించిన ఆ ప్రకటనల్లో కవితా చౌదరి పోషించిన గడుసు ఇల్లాలు, చవక సరుకు కొనడం వేరు, మంచి సరుకు కొనడం వేరని వాదించేది. మాటలు బాగున్నాయి గానీ, ధర తగ్గకుండా పేదింటి గడప దాటడం కుదరలేదు. చివరికి 1987లో ఆ కంపెనీయే చవక పొడి ‘వీల్’తో దిగొచ్చి, చేతులు మండవన్న మాటనే ప్రచారంలో ముందుపెట్టింది. అదే ఏడాది కాన్పూర్‌లో ‘ఘడీ’ పుట్టింది. గుంటూరు నుంచి ట్రిపుల్ ఎక్స్ బట్టల సబ్బు తెలుగు ఊళ్లలో చోటు చేసుకుంది.

పెద్ద గోపురం లేనివాడికి బజారులో చోటు లేదన్న నమ్మకం అలా పోయింది. కర్సన్‌భాయ్ మాత్రం సైకిల్ దగ్గర ఆగలేదు. సొంత లీనియర్ ఆల్కైల్ బెంజీన్ కార్ఖానా, భావ్‌నగర్ దగ్గర సోడా యాష్ కార్ఖానా కట్టాడు. 2007లో కాలిఫోర్నియాలోని సర్ల్స్ వ్యాలీ మినరల్స్‌ను కొనేశాడు. ఎండిన ఉప్పు సరస్సులోంచి సోడా తీసే కంపెనీ అది. 2010లో పద్మశ్రీ వచ్చింది.

నురగకు కట్టిన ధర

నూనె బాకీ తీరింది గానీ, ఇంకో బాకీ మొదలైంది. యుద్ధం తర్వాత పదిహేనేళ్లు ప్రపంచమంతా వాడిన డిటర్జెంట్ గొలుసులు కొమ్మలు కొమ్మలుగా ఉండేవి. మురుగునీటిలోని సూక్ష్మజీవులు తిన్నని గొలుసును నమలగలవు, కొమ్మల దగ్గర ఆగిపోతాయి. దాంతో 1950ల్లో జర్మనీ, అమెరికా నదుల మీద నురగ గుట్టలు పేరుకున్నాయి. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసింది. 1960ల నడిమికి రెండు దేశాలూ తిన్నని గొలుసులకు మారాయి. నిర్మా స్లర్రీలోదీ తిన్నని గొలుసే. తర్వాత ఫాస్ఫేట్ వంతు. పంటకు ఎరువయ్యేది చెరువుకూ ఎరువే. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి, నీళ్లలో ఆక్సిజన్ మింగేసేది. అమెరికాలో ఈరీ సరస్సు దీనికి పేరుమోసింది. హెంకెల్ కంపెనీ జియోలైట్ అనే ఖనిజాన్ని ఫాస్ఫేట్ స్థానంలో పెట్టి, 1986లో ఫాస్ఫేట్ లేని పెర్సిల్ తెచ్చింది.

ఇక్కడ మన పరిస్థితి వేరు. తిన్నని గొలుసయినా దాన్ని నమిలే సూక్ష్మజీవులకు గాలి, వ్యవధి కావాలి, అంటే మురుగు శుద్ధి కేంద్రం కావాలి. ఆ శుద్ధి జరగకుండా మురుగు నేరుగా కాలువలో పడితే మంచి రసాయనం కూడా నురగై తేలుతుంది. ఢిల్లీలో యమున మీద, బెంగళూరు బెళ్లందూరు చెరువు మీద కనిపించేది, వానలు పడితే కూకట్‌పల్లి ధరణి నగర్ ఇళ్ల ముందుకు నాలా మోసుకొచ్చేది అలాంటి నురగే. పారిశ్రామిక వ్యర్థాలూ అందులో కలిసే ఉంటాయి. తప్పు పొడి ఒక్కదానిదే కాదు, పొడి కొన్నంత వేగంగా మురుగు కాలువలకు వైద్యం చెయ్యని ఊళ్లది కూడా.

అలాగని మళ్లీ నూనె సబ్బుకే పోదామంటే లెక్క కుదరదు. ఇవాళ దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే. నూట నలభై కోట్ల మంది బట్టలు కూడా నూనెతోనే ఉతకాలంటే ఆ నూనె ఎవరి కంచంలోంచి తగ్గించాలో ముందు తేల్చాలి. జర్మనీ 1914లో ఎదుర్కొన్న ప్రశ్న అదే, సమాధానం లేకనే తారులో వెతికింది. కిరసనాయిలు పొడి మనకు మిగిల్చినది నూనె, తెచ్చిపెట్టినది మురుగు. మొదటిది ప్రతి ఇంటికీ విడివిడిగా అందింది, రెండోది ఊరుమ్మడి అయింది. అందుకే దాని జమాఖర్చు ఎవరూ ఒకచోట రాయలేదు.

బట్ట శుభ్రమైతే సరిపోదు, తెల్లగా కనిపించాలి కూడా. నీలిమందు డబ్బా నుంచి, మురికి పోకపోయినా తెల్లగా మెరిపించే రసాయనాల దాకా జరిగిన ప్రయాణం వచ్చే సంచికలో.

(సశేషం)